ఓడ ఎవరిది, ఖైదు ఎవరికి?

అమలాపురానికి దిగువన, వైనతేయం సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా బెండమూర్లంక ఉంది. అది ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీ వర్తకస్థావరమంటే మా పిల్లలు నమ్మరు. నరసాపురం పక్కన మాధవాయపాలెం, గౌతమి ఒడ్డున ఇంజరం కూడా ఆ కంపెనీవే. ఇంజరానికి కూతవేటు దూరంలోని యానాం మాత్రం ఫ్రెంచివారిది. నేతగాళ్ళు బయానా పుచ్చుకుని నేసిన గుడ్డ ఈ రేవుల నుంచే ఓడకెక్కేది.

1756లో ఐరోపాలో యుద్ధం ముదిరింది. 1757లో బుస్సీ సేన ఈ మూడు స్థావరాలనూ, విశాఖపట్నాన్నీ పట్టుకుంది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. మన చరిత్ర పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. ఏ సర్కారు ఎవరికి దక్కిందో చెబుతాయి గాని, జెండా మారిన రేవులో సరుకు మోసిన కూలీ, చుక్కాని పట్టిన కళాసీ ఆ ఏడాది ఏం తిన్నారో చెప్పవు.

సముద్రానికి హద్దు గీసే అలవాటు అంతకంటె పాతది. 16వ శతాబ్దంలోనే పోర్చుగీసువారు ఆసియా వర్తక ఓడలను తమ అనుమతి పత్రం కొనుక్కోమన్నారు. పత్రం లేని ఓడ వారి దృష్టిలో దోపిడీకి అర్హమైనది! 1942 ఏప్రిల్‌లో జపాను నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక ఓడలను ముంచి, 6వ తేదీన కాకినాడ, విశాఖల మీద బాంబులు వేసింది. ఆ ఓడల్లో పనిచేసినవారికి ఏ సామ్రాజ్యమూ సొంతం కాదు.

ఇది గతించిన కథ అనుకోవడానికి వీలులేదు. శ్రీకాకుళం తీరాన డి. మత్స్యలేశం వంటి ఊళ్ళ జాలరులు, సొంత ఒడ్డున జెట్టీలు లేక, గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి కూలికి పోతారు. అక్కడ కచ్‌కూ సింధుకూ నడుమ 96 కిలోమీటర్ల సర్ క్రీక్ ఉంది. హద్దు పాయ మధ్యలో ఉందని భారతదేశం, తూర్పు గట్టున ఉందని పాకిస్తాన్ అంటాయి. ఈ తగవు 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం దగ్గర మొదలవుతుంది. పాయ తేలనిదే దాని ముందున్న సముద్రపు హద్దూ తేలదు. చేప మాత్రం ఈ తీర్మానాలు చదవదు. వల చేప వెంట పోతుంది.

2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీ నౌకలు పట్టుకున్న ఆంధ్ర జాలరులు కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. 1982 నాటి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో వేట నిబంధన తప్పినవారికి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, ఖైదు విధించరాదు. హద్దు దాటి చొరబడ్డారన్న నేరం మోపితే ఆ అధికరణం అక్కరకు రాదు. మన జైళ్ళలోనూ పాకిస్తానీ జాలరులు ఉంటున్నారన్న సంగతి దాచకూడదు. 2008 ఒప్పందం మేరకు రెండు ప్రభుత్వాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అరకోటి రూపాయల పడవకు యజమాని ఒడ్డునే ఉంటాడు. జాబితాలో ఉండేది కూలివాని పేరు.

2025లో ఈ సంఘటన ఆధారంగా ‘తండేల్’ సినిమా వచ్చింది. ప్రేమకథకూ దేశభక్తికీ దొరికిన చోటు జెట్టీ లేని ఊరికి దొరకలేదని నా అభిప్రాయం. సినిమాను తప్పుపట్టే ముందు మన సంగతి చూసుకోవాలి. గోదావరి మీద లాంచీలనూ రేవులనూ ఎన్ని కథల్లో చదువుకున్నాం! వైనతేయం ముఖద్వారం దాటి ఉప్పునీటిలోకి వెళ్ళిన కథలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వెరావల్ పడవలో ఎనిమిది నెలల కూలికి ముందుగానే బయానా ఇస్తారు. బెండమూర్లంక నేతగాడికీ అంతే ఇచ్చారు.