అక్రా దాకా పోయిన వనపర్తి

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అంటే ఏదో బస్తీ పేరనుకునేవాళ్లే ఎక్కువ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వదళం ఉండిన చోటు అది. ఆ దళం పుట్టింది మా పాలమూరులోనే. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం ఆఫ్రికా సంతతి సిద్దీలను రౌతులుగా పోషించింది. తర్వాత వాళ్లు నిజాం కొలువులో చేరారు. ఆఫ్రికాతో మా సంబంధం అట్లా మొదలైంది: కావలి వాళ్లది, ఏలుబడి మనవాళ్లది.

నూరేళ్లు గడిచేసరికి కథ తిరగబడింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. వనపర్తి వారసుడు జె. రామేశ్వరరావు విదేశాంగ శాఖలో చేరి, మొదట నైరోబీలోనూ, 1950లలో గోల్డ్‌కోస్ట్ రాజధాని అక్రాలోనూ భారతదేశం తరఫున పనిచేశారు. గద్దె పోయిన రాజు, తెల్లదొరలను దిగమంటున్న జనం మధ్య కొత్త రిపబ్లిక్ ప్రతినిధిగా నిలబడ్డారు. 1957 మార్చి 6న గోల్డ్‌కోస్ట్ ఘనాగా మారింది. అదే సంవత్సరం ఆయన మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఆఫ్రికాలో అధికారానికి దారి వేసింది పత్రికే. తర్వాత ఘనాను ఏలిన క్వామే ఎన్‌క్రుమా 1948లో అక్రా ఈవెనింగ్ న్యూస్ పెట్టి తెల్లవాళ్ల పాలన మీద దుమ్మెత్తిపోశారు. జైలుకెళ్లారు. 1951 ఎన్నికల్లో జైల్లో ఉండే గెలిచారు. నైజీరియాలో అజికివే 1937లో వెస్ట్ ఆఫ్రికన్ పైలట్‌తో మొదలుపెట్టి చివరికి దేశాధ్యక్షుడయ్యారు.

ఇటు చూస్తే గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద అనుమతి తెచ్చుకోవాల్సిన రోజులవి. నలుగురు కూడే వీలే లేనప్పుడు 1926లో ఆయన పెట్టిన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు ఊళ్లకు చేరడమంటే మామూలు సంగతి కాదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన అంటే, సురవరం సభలో వాదించలేదు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసి ముందు పెట్టారు. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడే కన్నుమూశారు. అధికారం ఆయన్ను మార్చేదో లేదో చూసే అవకాశం మనకు దక్కలేదు. ఎన్‌క్రుమాను మాత్రం మార్చింది. విచారణ లేకుండా నిర్బంధించే చట్టం 1958లోనే తెచ్చారు. విమర్శించే అశాంతి పయనీర్ పత్రిక నోరు నొక్కారు. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆయన్ను దించేసినప్పుడు ఆ కబురు జనానికి చేరింది ప్రభుత్వ రేడియోలోనే.

అచ్చు యంత్రం ఎవరిదన్న సంగతీ తక్కువది కాదు. లాంగ్‌మన్ బ్రిటిష్ కంపెనీ. దాని భారత శాఖ రామేశ్వరరావు చేతికొచ్చి, ఓరియంట్ లాంగ్‌మన్‌గా హైదరాబాద్ నుంచి పిల్లల పాఠ్యపుస్తకాలు అచ్చేసింది. ఆఫ్రికా రచయితల పుస్తకాలు మాత్రం చాలాకాలం లండన్ నుంచే వచ్చేవి. నైజీరియా రచయిత అచెబె తొలి నవలను 1958లో ప్రచురించింది కూడా లండన్‌లోని హైన్‌మన్ సంస్థే.

అచ్చు నుంచి వెండితెరకు వస్తే, బొమ్మ చూసి ఓటేస్తారన్న నమ్మకం మా పాలమూరులోని కల్వకుర్తిలోనే బోల్తా పడింది. సినిమా తెరా పత్రికల అండా కలిసి తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రిని చేసిన ఎన్టీఆర్, 1989లో ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడారు. హిందూపురంలో గెలిచారు కాబట్టి సభలో మిగిలారు.

1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యే ఎస్. జైపాల్ రెడ్డి. ఎమర్జెన్సీని ఎదిరించి కాంగ్రెస్‌ను వదిలిన మనిషి. ప్రసారభారతి చట్టం 1990లో పార్లమెంటు దాటి ఏడేళ్లు బీరువాలో పడి ఉంటే, 1997 సెప్టెంబరులో సమాచార మంత్రిగా దాన్ని అమల్లోకి తెచ్చింది ఆయనే. 1994లో రువాండాలో మిల్ కొలిన్స్ రేడియో టుట్సీలను చంపమని జనాన్ని ఉసిగొల్పి అప్పటికి మూడేళ్లు. అది ప్రభుత్వ రేడియో కాదు, ప్రైవేటుది. అయితే ఏలికల మనుషులదే. సర్కారు చేతుల్లోంచి తప్పిస్తే చాలు, మైకు మంచిదవుతుందని నమ్మేవాళ్లు ఆ సంగతి చూడాలి.

ఘనా 1992 రాజ్యాంగంలో ఒక జాతీయ మీడియా కమిషన్‌ను పెట్టుకుంది. ప్రభుత్వ పత్రికల, రేడియోల పాలకవర్గాలను నియమించే పని దానిదే. మన ప్రసారభారతి పేరుకు స్వతంత్రమే గానీ, జీతాల కోసం నేటికీ కేంద్ర బడ్జెట్ వైపే చూస్తోంది.