ఆచార్యుడు - ఔషధ సంస్థ

1923వ సంవత్సరంలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ఒక విచిత్రమైన క్రయం జరిగినది. మధుమేహ రోగులకు ప్రాణదానం చేసిన ఇన్సులిన్ మీది పేటెంటు హక్కును బాంటింగ్, బెస్ట్, కొలిప్ అనే ముగ్గురు పరిశోధకులు తలకొక డాలరుకు తమ విశ్వవిద్యాలయానికి అమ్మివేసినారు. ప్రాణాధారమైన మందు ఏ ఒక్కరి గుత్తసొత్తూ కాకూడదన్నది వారి ఉద్దేశం. అర్ధ శతాబ్ది గడిచిన తరువాత, 1976లో, అమెరికాలో మరొక ఆచార్యుడు ఐదువందల డాలర్లు పెట్టుబడి పెట్టి ఒక సంస్థ స్థాపనలో భాగస్వామి అయినాడు. ఆ సంస్థకు పేరు తెచ్చినది కూడా ఇన్సులినే. ఈ రెండు ఘట్టాల నడుమ వచ్చిన మార్పు ఏమిటి?

తొలినాళ్ళనుండి ఇన్సులిన్‌ను పందుల, పశువుల క్లోమంనుండి తీసేవారు. ఎనిమిది ఔన్సుల శుద్ధమైన ఇన్సులిన్‌కు రెండు టన్నులకు పైగా పంది అవయవాలు కావలసివచ్చేవి. పైగా పంది ఇన్సులిన్ మానవుని ఇన్సులిన్‌కు ఒక ఎమినో ఆమ్లంలోను, పశువుల ఇన్సులిన్ మూడింటిలోను భిన్నంగా ఉంటుంది. అందువల్ల కొందరు రోగులకు అది సరిపడేది కాదు.

దీనికి మార్గం అనుకోని చోట దొరికినది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ బోయర్, డి.ఎన్.ఏ.ను నిర్ణీతమైన చోట కత్తిరించే ఒక ఎంజైమును పరిశీలిస్తూ ఉండేవాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ కోహెన్, బాక్టీరియాలలో ఉండే ప్లాస్మిడ్లు అనే డి.ఎన్.ఏ. వలయాలను పరిశోధించేవాడు. 1972లో హొనొలూలూలో జరిగిన ఒక సభలో ఇద్దరూ కలుసుకొన్నారు. మరుసటి సంవత్సరమే వారి పద్ధతి సిద్ధమైనది. తోటమాలి మామిడికి అంటు కట్టినట్లు, వలయాన్ని కత్తిరించి అందులో వేరొక డి.ఎన్.ఏ. తునకను అతికి బాక్టీరియాలో ప్రవేశపెట్టినారు. బాక్టీరియా విభజన చెందిన ప్రతిసారీ ఆ తునకకు కూడా నకలు ఏర్పడుతుంది.

1976 జనవరిలో రాబర్ట్ స్వాన్సన్ అనే యువకుడు బోయర్‌ను పది నిమిషాల వ్యవధి అడిగినాడు. ఆ సంభాషణ మూడు గంటలు సాగినది. చెరి ఐదువందల డాలర్లు వేసుకొని ఏప్రిల్‌లో జెనెన్‌టెక్ సంస్థను నెలకొల్పినారు. బోయర్ మాత్రం ఆచార్య పదవిని వదలలేదు.

మొదట వారు చిన్న హార్మోను నొకదానిని ఎన్నుకొన్నారు. సొమాటోస్టాటిన్‌లో ఉన్నవి పదునాలుగు ఎమినో ఆమ్లాలే. లాస్ ఏంజిలిస్ సమీపంలోని సిటీ ఆఫ్ హోప్ పరిశోధనాలయానికి చెందిన ఇటకూరా, రిగ్స్ దాని జన్యువును రసాయనికంగా నిర్మించినారు. జన్యువును రసాయనికంగా నిర్మించవచ్చునని 1970లో నిరూపించినవాడు భారతదేశంలో జన్మించిన హరగోవింద ఖొరానా. 1977లో బాక్టీరియా సొమాటోస్టాటిన్‌ను తయారుచేసినది. 1978లో ఇన్సులిన్ వంతు వచ్చినది. ఇరువదియొక్క, ముప్పది ఎమినో ఆమ్లాలుగల రెండు గొలుసులను వేరువేరు బాక్టీరియాలచేత తయారుచేయించి, పిమ్మట వాటిని జోడించినారు. 1982లో ఈ మందుకు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది.

ఇంతలో విశ్వవిద్యాలయంలో ఆక్షేపణలు లేచినవి. ప్రజాధనంతో నడిచే ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానం ఒక సంస్థ లాభానికి ఉపయోగపడవచ్చునా? నిన్నటిదాకా ఫలితాలను ఒకరితో ఒకరు పంచుకొన్నవారు రేపు వాటిని దాచుకొనరా? విద్యార్థికి ఆచార్యుడు ఇచ్చే పని విద్యకోసమా, వ్యాపారంకోసమా? 1980 అక్టోబరులో జెనెన్‌టెక్ వాటాలు మొదటిసారి విక్రయానికి రాగా, 35 డాలర్ల వాటా ఆనాడే 88 డాలర్లదాకా ఎగబ్రాకినది. బోయర్ వాటాల విలువ కోట్ల డాలర్లకు చేరినది. ఆక్షేపణలు నిరాధారం కావని తరువాతి చరిత్ర తెలుపుతున్నది. పెరుగుదల హార్మోను పేటెంటు విషయమై ఆ సంస్థకూ, బోయర్ పనిచేసిన విశ్వవిద్యాలయానికీ వ్యాజ్యం నడిచి, 1999లో 20 కోట్ల డాలర్లతో రాజీ కుదిరినది.

అయితే మరొక వాస్తవం గమనింపదగినది. టొరాంటో పరిశోధకులకు కూడా కర్మాగారం లేకుండా జరుగలేదు. 1922లో ఆ విశ్వవిద్యాలయం ఎలై లిల్లీ అనే ఔషధ సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. 1978లో జెనెన్‌టెక్ ఇన్సులిన్‌ను విరివిగా తయారుచేసే బాధ్యత తీసుకొన్నదీ ఆ సంస్థయే. కోహెన్, బోయర్ల మూలపద్ధతి మీద విశ్వవిద్యాలయాలు పొందిన పేటెంటు కూడా ఒక్కరికే పరిమితం కాలేదు. రుసుము చెల్లించిన సంస్థలన్నిటికీ అనుమతి ఇచ్చి, 1997లో గడువు ముగిసేనాటికి అవి 25 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినవి.

కనుక శాస్త్రానికీ, కర్మాగారానికీ సంబంధం కొత్తది కాదు. 1922లో ఆచార్యుడు కర్మాగారం వాకిటిదాకా వచ్చి ఆగినాడు. 1976లో లోపలికి వెళ్ళి వాటాదారుడైనాడు. రోగికి మందు త్వరగా అందడానికి ఇది తోడ్పడినది. కాని ఆ మందుకు మూలమైన విద్య అంతకుముందు ఎన్నో ఏండ్లు ప్రజల సొమ్ముతో పెరిగినది. ఆ ఋణాన్ని ఆచార్యుడు ఏ రూపంలో తీర్చాలి? 1923లో ఒక్క డాలరు తీసుకొన్నవారు దీనికి తమ సమాధానం చెప్పినారు. తరువాతి తరంవారు తమ సమాధానాన్ని ఇంకా వెదకుకొంటున్నారు.