చచ్చినవాడెచ్చట కూర్చుండవలెను?

చిత్తూరు సీమ పల్లెలలో ధర్మరాజుల తిరునాళ్లకు తుదిదినమున, ఊరి వెలుపల మన్నుతో పండబెట్టిన దుర్యోధనుని మహాకాయము చుట్టును భీమ దుర్యోధన వేషధారులిరువురు గదలెత్తి పరుగులు తీయుచుండగా, పదునెనిమిది దినములు పగలు హరికథను రాత్రి వీథినాటకమును విడువక వినివచ్చిన జనము ఎండను లెక్కసేయక మూగియుండును. పదునెనిమిది అక్షౌహిణుల సమరము కట్టకడకు ఇరువురి గదాయుద్ధముగా కుదించుకొనిపోయినదేమని ఆ జనములో ఎవ్వరును అడుగరు. అట్లు కుదించినవాడు ధర్మరాజు. మడుగు వెడలివచ్చిన దుర్యోధనునితో, మాలో నీకిష్టమైన యొక్కనితో నీకిష్టమైన ఆయుధముతో పోరుము, వానిని గెలిచితివా రాజ్యము నీదే యని ఆతడు పలుకగా కృష్ణుడు మండిపడెను. నకులునో సహదేవునో కోరుకొనియుండినచో గతియేమి? జూదమునకు రెండుమారులు కూర్చుండి లేచినవానికి పందెపు నియమములయెడ అప్పటికిని మెలకువ కలుగకపోవుట వింతయే.

జట్టునకును జట్టునకును పోరు కలిగినప్పుడు దానిని ఏ క్రమమున నడుపవలెను, పడినవానిని ఏమి చేయవలెను అను చిక్కు భారతముతో తీరలేదు. పల్నాటి వీరగాథలో ఒక్క కోడి ఓడినందుకు మాచెర్ల పక్షమువారందరును ఏడేండ్లు దేశము విడువవలసివచ్చెను. రాజులకు తెగని యీ చిక్కును తెంచుటకు మన పల్లెల బాలురు చేసిన యత్నములు మాత్రము చరిత్రకారుల దృష్టికి అంతగా వచ్చినట్లు లేదు.

మదనపల్లె పుంగనూరుల చెంత, కోలారు సీమకు సరిహద్దుననున్న రామసముద్రము పేరునకే సముద్రము. ఆ సముద్రము చెరువు. వానకు నోచని యీ మెట్టభూములలో నీరు నిలిపిన పెద్ద చెరువునకెల్ల పూర్వులు సముద్రమని పేరుపెట్టి సంతసించిరి. వేసవిలో చెరువు ఎండి అడుగున మెత్తని మన్ను తేలినప్పుడు బాలురకు అంతకు మించిన బరి వేరొకటి యుండదు. కాలి బొటనవ్రేలితో నడుమ ఒక గీత గీచినచో చెడుగుడు బరి సిద్ధమైనట్లే. కుప్పము వైపు తమిళుల నోట అదియే సడుగుడు, గీత దాటి మహారాష్ట్రమునకు పోయిన హుతుతు, వంగమునకు పోయిన హాడుడు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప జిల్లా నుండియు, పుంగనూరు జమీ ఉత్తరార్కాటు నుండియు వచ్చి కలిసినవి. సర్కారు గీతలెట్లు మారినను ఆటగీత మారలేదు.

జట్లు కట్టుటలోనే మనవారి న్యాయబుద్ధి వెల్లడియగును. బలమున సమానులైన ఇరువురు ఉద్దులై కొంతదూరము పోయి, ఒకడు సూర్యుడనియు మరియొకడు చంద్రుడనియు గుట్టుగా పేర్లు పెట్టుకొని, భుజములపై చేతులు వేసికొని నాయకుల యెదుటికి వచ్చి, ఎవడు కావలెనని యడుగుదురు. నాయకుడు పేరును కోరునే గాని మనిషిని కోరజాలడు. బలవంతులందరు ఒకచోట చేరుటకు వీలులేని యీ ఉపాయము, కోట్ల రూప్యముల వేలముతో ఆటగాండ్రను పంచుకొను నేటి సంఘములకు తెలిసినట్లు లేదు.

ఇక కూత. ఊపిరి విడువక కూయుచు పరపక్షములో చొరబడి, ఒకనిని తాకి మరలివచ్చినచో తాకబడినవాడు చచ్చినట్లు. పట్టుబడి కూత తెగెనేని పోయినవాడే చచ్చినట్లు. ఇంతవరకు దేశమంతట ఒక్కటే. చచ్చినవాడు ఎచ్చట కూర్చుండవలెను, ఎప్పుడు లేవవలెను అనుచోట మాత్రము దారులు మూడుగా చీలినవి. సంజీవని యను పద్ధతిలో పరపక్షమున ఒకడు చచ్చినచో మనవాడొకడు బ్రతికి బరిలోనికి వచ్చును. పక్షమునకు తొమ్మండుగురు, నడుమ అయిదు నిమిషముల విరామముతో నలువది నిమిషముల ఆట. గామిని యను పద్ధతిలో పునర్జన్మ లేదు. పక్షమునకు ఏడ్గురు, చచ్చినవాడు తనవారందరును చచ్చువరకు గీత వెలుపల చతికిలబడి చూచుచుండవలసినదే. ఏడ్గురును పడినప్పుడే ఎదుటివారికి ఒక్క గెలుపు, అట్టివి అయిదో ఏడో కూడువరకు పొద్దు గ్రుంకినను ఆట తెగదు. అమర్ అను మూడవ పద్ధతిలో చచ్చినవాడు బరి విడువనే విడువడు. ఎదుటివారికి అంకె పెరుగును, వాడు దుమ్ము దులుపుకొని మరల నిలుచును.

ఈ మూటిలో గామిని క్రూరము. కాని రసము దానియందే కలదు. ఆర్గురు చచ్చి వరుసగా కూర్చుండియుండ, మిగిలిన యొక్క బక్కపలుచని కుఱ్ఱవాడు ఏడ్గురు మొనగాండ్ర నడుమ కూత పెట్టునప్పటి నిశ్శబ్దము సంజీవనిలో దొరకదు. అమర్ పద్ధతిలో చావే లేదు గనుక భయమును లేదు. దేవతల యుద్ధములు పురాణములలో చప్పగా నుండుటకును ఇదియే హేతువేమో. అయినను వ్యవస్థకు లొంగునది సంజీవనియే. 1918లో మహారాష్ట్రమున నియమములను కూర్చు యత్నము మొదలయ్యెను. 1923లో బరోడాలో అఖిలభారత పోటీలు జరిగెను. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భమున అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు ఈ ఆటను పరదేశీయులకు ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత సమాఖ్య వెలసినది. 1920లో హ్యారీ క్రో బక్ దొర మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల వంటి సంస్థలలో శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు తమ వెంట అచ్చుపడిన నియమములను తెచ్చిరి. గంట కొట్టినంతనే ముగియవలసిన బడి ఆటకు, ఎప్పుడు తెగునో ఎరుగని గామిని ఎట్లు పొసగును? ఏడ్గురను గామిని నుండియు, పునర్జన్మమును సంజీవని నుండియు గైకొని నేటి కబడ్డీ తయారైనది. ముగ్గురో అంతకు తక్కువో మిగిలియున్నప్పుడు శత్రువును పట్టినచో అదనముగ ఒక అంకె నిచ్చు సూపర్ టాకిల్ అను నవీన నియమములో, పోగొట్టుకొన్న గామిని రసమును కొంతయైన తిరిగి తెచ్చుకొనవలెనను ఆరాటము నాకు కనబడుచున్నది.

ఇంతలో బరి గాజుపలక పైకి ఎక్కినది. 1991లో ఒసాకాకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ వెలువరించిన స్ట్రీట్ ఫైటర్ 2 వలన లోకమంతట వీడియో గేము అంగళ్లలో ఇరువురు ప్రక్కప్రక్క నిలిచి పోరుట అలవాటయ్యెను. గెలిచినవాడు కదలడు, ఓడినవాడు తప్పుకొనును, వెనుకనున్నవాడు నాణెము వేసి ముందుకు వచ్చును. ఈ అంగడి ధర్మమునే 1994లో ఆ ప్రాంతముదే యగు ఎస్.ఎన్.కె. సంస్థ కింగ్ ఆఫ్ ఫైటర్స్ అను ఆటలో ముగ్గురేసి జట్లకు వర్తింపజేసెను. గెలిచినవాడు మిగిలిన బలముతో, ఏదో కొంచెము కోలుకొని, శత్రువులలో రెండవవానిని ఎదుర్కొనవలెను. జపాను దేశమున కెండో, జూడో జట్ల నడుమ కచినుకి యను పేర ఇదే వరుస చిరకాలముగ కలదు: అయిదుగురిలో ముందు నిలుచువాడు సెంపో, కడపటివాడు తైషో, అనగా సేనాపతి. గెలిచినవాడు ఆగక నరుకుకొనుచు పోవలసినదే. మన కండ్లకిది గామినియే.

ఈ వీడియో ఆటల ఆటగాండ్రు క్లానులుగా, అనగా జట్లుగా, కూడి పోరుట ఆరంభించిన పిదప ఈ వరుసపై తగవులు పుట్టినవి. కచినుకిలో ఒక్క మొనగాడు ముగ్గురిని కూల్చినచో అతని తోడివారిద్దరును మీట ముట్టకయే విజేతలగుదురు. ఊరినుండి వచ్చిన శ్రమ వారికి, కీర్తి వానికి. అందుచే కొందరు జోడీలు కట్టి, ప్రతివాడును ఒక్కనితో పోరి, గెలుపులను లెక్కించు పద్ధతిని మేలనిరి. అది అమర్‌కు దాయాది. అందులో మరల వేరొక కపటము కలదు: ఎదుటి క్లానులోని మహావీరునికి మన క్లానులోని బలహీనుని ఎరవేసి, మిగిలిన రెంటిని గెలుచుకొనవచ్చును. దీనిని నివారించుటకు వరుసలను ముందుగా వ్రాసి మూసియుంచి ఒక్కసారిగా తెఱచు ఏర్పాటు వచ్చినది. సూర్యచంద్రుల గుట్టుపేరులతో నాయకుని ముందు నిలిచిన మన ఉద్దులను అది తలపింపకపోదు. సంజీవనియు లేకపోలేదు. 1999లో వెలువడిన టెక్కెన్ ట్యాగ్ వంటి ఆటలలో దెబ్బతిన్నవాడు తప్పుకొని జతగానిని పంపి, తాను వెనుక నిలిచి కొంత ప్రాణమును కూడదీసికొనును. ఓషధి పర్వతమును పెఱికి తెచ్చు హనుమంతుని పని ఇచ్చట ఒక బొత్తాము చేయును.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ 5 పతకపు పోటీగా చేరినది. అయితే అచ్చట ఎవరికి వారే పోరిరి, జట్ల ప్రసక్తి లేదు. జట్టుపోరు చూడదలచినవారు అదే క్రీడలలో అక్టోబరు 7న భారత ఇరాను పురుషుల కబడ్డీ తుదిపోటీకి పోవలసియుండెను. అంకెలు 28కి 28గా సరిసమానమై, నిమిషమో అంతకు కొంచెమో మిగిలియుండగా కూతకు పోయిన పవన్ సెహ్రావత్ ఎవ్వరిని తాకకయే పక్కగీత దాటెను; అతనిని పట్టవలెనని ఇరానీయులు కొందరు వెంటబడి తామును గీత దాటిరి. పాత నియమము ప్రకారమొక తీర్పు, క్రొత్త నియమము ప్రకారము మరియొక తీర్పు. పెద్దలు నియమగ్రంథములు తిరుగవేయుచుండ, ఇరుపక్షముల ఆటగాండ్రును వంతులవారీగా బరిలో బైఠాయించుచుండ, ఆట చాలసేపు నిలిచిపోయెను. కడకు 33కు 29గా భారతము గెలిచినదని చాటిరి గాని, అంతసేపు అచ్చట జరిగిన వాదమెల్ల రామసముద్రము చెరువడుగున ఏ వేసవి సాయంకాలమునైనను వినబడునదే: గీత దాటినవారిలో ఎవరు చచ్చిరి, ఎందరు చచ్చిరి?