ఎండాకాలం సెలవుల్లో కాలేజీ: షటాక్వా నుంచి ఆదోని దాకా

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో హైస్కూలు పిల్లలకు ఎండాకాలం సెలవుల్లో దొరికే చదువులు ముఖ్యంగా రెండు. ఒకటి చర్చిల్లో వారం పది రోజులు జరిగే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్). పాటలు, బొమ్మలు, బైబిలు కథలు, చివరి రోజు బహుమతులు. పైసా ఖర్చుండదు, అన్ని ఇళ్ల పిల్లలూ వస్తారు. రెండోది ప్రైవేటు జూనియర్ కాలేజీలు నడిపే బ్రిడ్జి కోర్సు. పదో తరగతి పరీక్షలు ముగియగానే ఇంటర్ లెక్కలు, ఫిజిక్సు మొదలవుతాయి. దీనికి ఫీజు ఉంటుంది, ఒక్కోసారి హాస్టలూ తప్పదు. మూడో రకం ఒకటుంది. హైస్కూలు పిల్లలు మూడు నాలుగు వారాలు నిజమైన డిగ్రీ కాలేజీలో గడిపి, దాని గ్రంథాలయంలో కూర్చుని, దాని ప్రయోగశాలలో చేతులు పెట్టి, డిగ్రీ అధ్యాపకుల దగ్గర ఒక పాఠ్యాంశాన్ని పూర్తి చేసే చదువు అది. అమెరికాలో క్రైస్తవ విశ్వవిద్యాలయాలు దీన్ని బాగా పెంచి పోషించాయి. మన పడమటి కర్నూలు పిల్లలకు కాలేజీ మెట్టు మొదట చూపించిందీ క్రైస్తవ మిషన్లే. అయినా ఆ మూడో రకం చదువు ఇక్కడ వేళ్లూనలేదు. ఎందుకో తెలియాలంటే రెండు చోట్లా కథ మొదటి నుంచి చూడాలి.

హార్వర్డ్ 1871లోనే వేసవి పాఠాలు మొదలుపెట్టింది. కానీ సెలవుల చదువును జనంలోకి తెచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలో షటాక్వా సరస్సు ఒడ్డున 1874లో జరిగిన సమావేశం. జాన్ విన్సెంట్ అనే మెథడిస్టు గురువు, లూయిస్ మిల్లర్ అనే వ్యాపారి కలిసి దాన్ని ఏర్పాటు చేశారు. ఉద్దేశం చిన్నదే: ఆదివారం బడి పంతుళ్లకు తర్ఫీదు ఇవ్వడం. చెట్ల కింద, గుడారాల్లో మొదలైన ఆ తరగతుల్లోకి ఒకటి రెండేళ్లలోనే భాషలు, విజ్ఞానశాస్త్రం, సాహిత్యం వచ్చి చేరాయి. 1878లో ఇంటి దగ్గరే నాలుగేళ్ల పాటు చదువుకునే పఠన మండలి కూడా పుట్టింది. కాలేజీ గడప తొక్కే వీలులేని రైతులకు, గృహిణులకు, బడి పంతుళ్లకు అది పెద్ద ఆసరా అయింది.

అక్కడ వేసవుల్లో హీబ్రూ బోధించిన విలియం రెయినీ హార్పర్ తర్వాత షికాగో విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడయ్యాడు. బాప్టిస్టుల చొరవతో, రాక్‌ఫెల్లర్ డబ్బుతో నిలబడిన ఆ సంస్థ 1892లో తలుపులు తెరిచింది. హార్పర్ ఏడాదిని నాలుగు భాగాలు చేసి, వేసవిని కూడా మిగతా మూడింటితో సమానమైన విద్యాకాలంగా నిలిపాడు. డిగ్రీ నాలుగేళ్లనూ రెండుగా విడదీసి మొదటి సగాన్ని జూనియర్ కాలేజీ అన్నాడు. ఆ సగం హైస్కూలుకు ఆనుకుని నడిచినా తప్పులేదని ఆయన వాదన. దాన్ని అందిపుచ్చుకుని 1901లో ఇల్లినాయిలోని జోలియెట్ పట్టణంలో ఒక హైస్కూలు తన కప్పు కిందే కాలేజీ పాఠాలు మొదలుపెట్టింది. హైస్కూలుకూ కాలేజీకీ మధ్య గోడ ఎక్కడ ఉండాలన్నది మనుషులు తేల్చుకునే విషయమే తప్ప ప్రకృతి గీసిన గీత కాదని హార్పర్ గట్టిగా నమ్మాడు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ మూలం ఆ నమ్మకమే.

చిన్న పిల్లల వైపు నుంచి ఇంకో పాయ వచ్చింది. 1898లో న్యూయార్క్ నగరంలో ఎలైజా హాస్ అనే డాక్టరు గారి భార్య, వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక సారా దుకాణం గదిని అద్దెకు తీసుకుని సెలవుల బైబిలు బడి నడిపింది. దాన్ని రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు గురువు ఉద్యమంగా మార్చాడు. మన ఆదోని చర్చిల్లో వినబడే వి.బి.ఎస్. పాటల పూర్వచరిత్ర అది. అంటే వేసవి బడి మన దాకా వచ్చింది. వేసవి కాలేజీ మాత్రం రాలేదు.

అమెరికాలో ఆ తర్వాతి మలుపు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చింది. చురుకైన పిల్లలు హైస్కూలు చివరి ఏళ్లలో తెలిసిందే మళ్లీ చదువుతూ కాలం వృథా చేస్తున్నారన్న ఆందోళన నుంచి, 1950లలో కాలేజీ స్థాయి పాఠాలను హైస్కూల్లోనే చెప్పే పద్ధతులు పుట్టాయి. జెసూట్ల సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1959లో హైస్కూలు పిల్లలకు తన క్రెడిట్లు ఇవ్వడం మొదలుపెట్టి, ఆ పథకానికి తాను స్థాపితమైన 1818 సంవత్సరాన్నే పేరుగా పెట్టింది. క్యాథలిక్కుల నోటర్ డామ్, బాప్టిస్టుల బేలర్ వంటివి వేసవిలో హైస్కూలు పిల్లలను ప్రాంగణంలోనే ఉంచి చదివించే పథకాలు నడుపుతున్నాయి. అక్కడ స్థిరపడిన మన వాళ్ల పిల్లలకు ఇది మామూలు విషయమైపోయింది. పదహారేళ్ల అమ్మాయి సెలవుల్లో తత్వశాస్త్రమో జీవశాస్త్ర పరిశోధనో రుచి చూసి, ఇది నా దారేనా అని ముందే తేల్చుకోగలుగుతోంది.

ఇక మన వైపు. నిజాం 1800లో దత్తమండలాలను, అంటే నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాన్ని, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వెళ్లిపోయాక అవి బళ్లారి, కడప జిల్లాలయ్యాయి. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు బళ్లారి జిల్లాలో పడ్డాయి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హాండ్స్ 1810లో బళ్లారి చేరాడు. 1846లో అక్కడ మొదలైన మిషన్ ఇంగ్లీషు బడి, స్థాపకుడైన వార్డ్లా పేరుతో హైస్కూలుగా ఎదిగింది. 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో ఎఫ్.ఎ. (ఇప్పటి ఇంటర్ స్థాయి) దాకా చెప్పే రెండో శ్రేణి కాలేజీ కూడా అయింది. మద్రాసు-రాయచూరు రైలు మార్గం 1871లో పూర్తయ్యాక ఆదోనిలో బండెక్కి గుంతకల్లులో మారితే బళ్లారి. పత్తి బేళ్లు పోయే దారినే చదువుకునే పిల్లలూ పోయారు.

ఆ కాలపు క్రైస్తవ కాలేజీల్లో మనం మరిచిపోయిన విశేషం ఒకటుంది. హైస్కూలు, కాలేజీ ఒకే ఆవరణలో, చాలాసార్లు ఒకే ప్రిన్సిపాలు కింద నడిచేవి. 1837లో జాన్ ఆండర్సన్ పెట్టిన బడి నుంచే విలియం మిల్లర్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీని పెంచాడు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడే నోబుల్ కాలేజీ అయింది. వేలూరు వూర్హీస్ కాలేజీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ హైస్కూలు పాఠాలతో మొదలుపెట్టి ఎఫ్.ఎ. దాకా చదివి, ఆ తర్వాతే మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లాడు. నటుడు బళ్లారి రాఘవ కూడా బళ్లారిలో బడి చదువు ముగించి అదే మద్రాసు కాలేజీలో పట్టభద్రుడయ్యాడు. మెట్రిక్ కుర్రాడు పక్క గదిలో ఎఫ్.ఎ. వాళ్లకు జరిగే షేక్స్‌పియర్ పాఠాన్ని కిటికీలోంచి వినగలిగిన కాలం అది. అమెరికా క్రైస్తవ విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ప్రత్యేక పథకాలు పెట్టి సాధిస్తున్న సాన్నిహిత్యం, ఏ పథకమూ లేకుండానే ఇక్కడ ఉండేది.

ఆ సాన్నిహిత్యం ఎవరికి దక్కిందన్నది వేరే ప్రశ్న. కాలేజీ మెట్టెక్కిన వాళ్లు ఎక్కువగా పట్టణాల్లోని పై కులాల కుర్రాళ్లు. మిషన్‌ను నమ్మి సంఘాల్లో చేరిన వాళ్లలో ఎక్కువ మంది మాల, మాదిగ పేటల జనం. వాళ్ల పిల్లలకు దక్కింది చాలాచోట్ల ఊరి బడి ఒక్కటే. ఒకే మిషన్ నడిపిన ఊరి బడికీ పట్నం కాలేజీకీ మధ్య నిచ్చెన లేదు. ఆక్స్‌ఫర్డ్ బేలియల్ కాలేజీ అధిపతి ఎ.డి. లిండ్సే నాయకత్వంలో క్రైస్తవ ఉన్నత విద్యపై వచ్చిన కమిషన్ 1931 నివేదికలో ఈ ఎడం గురించి నిక్కచ్చిగా మాట్లాడింది. క్రైస్తవ కాలేజీలు పరీక్షల యంత్రాలుగా మిగిలిపోకుండా చుట్టూ ఉన్న జనజీవితానికి పరిశోధనతో, విస్తరణ కార్యక్రమాలతో పనికిరావాలని చెప్పింది. ఆ సలహా సరిగా అమలై ఉంటే, సెలవుల్లో చుట్టుపక్కల పిల్లలను పిలిచి కాలేజీ చదువు రుచి చూపించడం దాని సహజ ఫలితమయ్యేది.

కానీ అప్పటికే గోడ లేస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911లో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చి బడి చదువుకు వేరే ముగింపు పెట్టింది. 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల వెలిశాక సీమ పిల్లలకు ప్రభుత్వ కాలేజీ దగ్గరైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారిని వదిలి కర్నూలు జిల్లాలో కలిశాయి. ఒక్క రోజుతో బళ్లారి పొరుగు రాష్ట్రమైపోయింది. వంద ఏళ్ల చదువుల దారి సరిహద్దు దాటే దారిగా మారింది. మరుసటి ఏడాది తిరుపతిలో వచ్చిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆదోనికి జిల్లా కేంద్రం కన్నా చాలా దూరం. పి.యు.సి. (ప్రీ-యూనివర్సిటీ కోర్సు) ఉన్నన్నాళ్లూ హైస్కూలు దాటిన పిల్లవాడు నేరుగా డిగ్రీ అధ్యాపకుడి ముందు కూర్చునేవాడు. 1969లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి, జూనియర్ కాలేజీలు వేరుపడ్డాక ఆ బంధమూ తెగింది. హార్పర్ హైస్కూలునూ కాలేజీనీ కలపడానికి తలచిన జూనియర్ కాలేజీ, మన దగ్గర రెండింటినీ విడదీసే మెట్టయింది. పదో తరగతి పిల్లవాడికి డిగ్రీ కాలేజీ ప్రయోగశాల ఎలా ఉంటుందో పదిహేడు, పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తెలియదు.

ఆ ఖాళీలోకే 1980లలో ఇంజనీరింగు, మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ వచ్చింది. కోచింగ్ వ్యాపారం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బలపడి తర్వాత రాష్ట్రమంతా పాకింది. ఎండాకాలం సెలవులు ఆ వ్యాపారానికి తొలి పంట. ఇంటర్ బోర్డు సెలవుల్లో తరగతులు పెట్టవద్దని ఎన్నిసార్లు ఆదేశించినా బ్రిడ్జి కోర్సులు ఆగలేదు. వాటిలో చేరే పిల్లలను, అప్పు చేసి పంపే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు ఫిజిక్సులో పడే బిడ్డకు ఆ సెలవుల వారాలు ఊపిరి పీల్చుకునే వ్యవధి. నా అభ్యంతరం పాఠం గురించే. ఇంటర్లో చెప్పాల్సింది సెలవుల్లోనే చెప్పడం తప్ప అందులో కొత్త లోకమేదీ తెరుచుకోదు. ఇంజనీరింగు, మెడిసిన్ కాక చరిత్ర, భూగర్భశాస్త్రం, అర్థశాస్త్రం అనే చదువులు ఉన్నాయని, వాటిలో తనకు రాణింపు ఉండవచ్చని ఆ పిల్లకు ఎవరూ చెప్పరు.

చెప్పడానికి ఈ నేలలోనే కావలసినంత సరుకుంది. ఆదోని కోట, బీజాపూరు సుల్తానుల తరఫున ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు చాలు, దక్కను చరిత్ర ఒక నెల పాఠానికి. జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. అవి లోకానికి తెలిసింది ఒక భూగర్భ శాస్త్రవేత్త వల్ల. ఆ బండల దగ్గర రెండు శాస్త్రాలూ ఒకేసారి చెప్పవచ్చు. పత్తి ధర ఎలా నిర్ణయమవుతుందో ఆదోని మార్కెట్ యార్డు కంటే బాగా చెప్పే అర్థశాస్త్ర పుస్తకం ఉండదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం, దాని ఎదుగుదల, మగ్గాల మీద దెబ్బ పడ్డాక దాని కష్టాలు ఏ వాణిజ్య కళాశాలలోనైనా పాఠం కాదగ్గవి. ఇలాంటి పాఠాలతో వేసవి కాలేజీని ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ముగిస్తే మే ఎండ కూడా అడ్డం కాదు. ఆదోనిలో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది, ఎమ్మిగనూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, యర్రకోట దగ్గర సెయింట్ జాన్స్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ నెలలో తరగతి గదులు చాలావరకు ఖాళీగానే ఉంటాయి.

నియమాలు కూడా ఇప్పుడు అడ్డం రావు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువునూ ఉన్నత విద్యనూ ఒకే క్రెడిట్ల లెక్కలోకి తెచ్చింది. సెయింట్ లూయిస్ 1959లో సొంతంగా చేసినదానికి మన దేశంలో ఇప్పుడు చట్రం దొరికింది. కర్నూలులో 2008 నుంచి రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. అది పూనుకుని, విజయవాడ ఆంధ్ర లయోలా, గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ వంటి అనుభవమున్న కాలేజీల అధ్యాపకులను నెల రోజులకు పిలిస్తే, బోధనకు లోటుండదు. ఆంధ్రలో 2025 నుంచి ఇంటర్ తరగతులు ఏప్రిల్లోనే మొదలవుతున్నాయి గనుక పదో తరగతి రాసినవాళ్లకు ఈ వేసవి కాలేజీలో చోటు దొరకడం కష్టం. అందువల్ల ఎనిమిది, తొమ్మిది తరగతులు పూర్తిచేసినవాళ్లను తీసుకోవాలి. అది మేలే, ఇంకా ఏ కోచింగూ వాళ్లను పట్టుకోలేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద మండలాల నుంచి ఏటా కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు మిరప తోటలకు కొందరు, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడాల పనికి కొందరు. పెద్దవాళ్ల వెంట పిల్లలూ పోతే ఆ ఏడు బడి పోయినట్టే. వాళ్లను ఊళ్లో నిలపడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. అవి వలస నెలలకే పరిమితం, బడికి సెలవులిస్తే అవీ మూతబడతాయి. పట్టణంలో పక్కా ఇల్లున్న పిల్ల సైకిలెక్కి వేసవి కాలేజీకి రాగలదు. కౌతాళం పిల్ల రావాలంటే ఆ హాస్టలు మరో నాలుగు వారాలు తెరిచి ఉంచాలి, ఇంటికి వెళ్లి కూలికి పోతే వచ్చే డబ్బుకు బదులుగా కొంత భత్యం ఇవ్వాలి, ఆడపిల్లలకు వార్డెను ఉండాలి. పథకం రాసేవాళ్లు పాఠ్యాంశాల కంటే ముందు ఈ మూడింటికి డబ్బు లెక్క వేసుకోవాలి.