శ్రౌడ్ (గేమ్ స్ట్రీమర్)

శ్రౌడ్ అనే ఆటపేరుతో ప్రపంచానికి తెలిసిన మైకేల్ గ్జెసిక్ కెనడాకు చెందిన మాజీ ఈ-స్పోర్ట్స్ ఆటగాడు, గేమ్ స్ట్రీమర్. 1994 జూన్ 2న పుట్టాడు. 2014లో అమెరికా జట్టు క్లౌడ్9లో చేరి కౌంటర్‌స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ (సీఎస్:గో) అనే షూటింగ్ ఆట ఆడాడు. 2018 ఏప్రిల్‌లో పోటీ ఆటకు స్వస్తి చెప్పి పూర్తికాలం స్ట్రీమింగ్‌లోకి వెళ్లాడు. అప్పటికి అతడికి ఇంకా 24 ఏళ్లు నిండలేదు. ఆట తగ్గిపోయి జట్టుకు బరువైన ఆటగాళ్లు వేరే దారి వెతుక్కోవడం ఈ రంగంలో మామూలే. అతడిది ఆ కోవ కాదు. గురి మంచి పదునులో ఉన్నప్పుడే ఆ గురిని వేరే పనికి మళ్లించాడు. పోటీ ఆట నుంచి స్ట్రీమింగ్‌కు వెళ్లినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అతడి పేరే ముందు వినబడటానికి కారణం అదే.

ఆటగాడిగా

సీఎస్:గోలో ఐదుగురు చొప్పున రెండు జట్లు తలపడతాయి. ఏకే-47తో ఆపకుండా కాలిస్తే తూటాలు పైకి ఎగబాకుతాయి, తర్వాత పక్కలకు ఊగుతాయి. ఆటగాడు ఆ పోకడను కంఠస్థం చేసి, అందుకు ఎదురుగా మౌస్‌ను కిందికీ పక్కకూ లాగుతూ తూటాలన్నీ ఒకేచోట పడేలా చూసుకోవాలి. ఎదుటివాడు కనబడ్డాక ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. శ్రౌడ్ చేతిలో ఇది ఎంత తేలిగ్గా కనిపించేదంటే, దానంతటదే గురిపెట్టే దొంగ సాఫ్ట్‌వేర్‌తో అభిమానులు అతణ్ణి ముద్దుగా పోల్చేవారు. ఇది అతిశయోక్తి అనుకునేవారు అతడి పాత మ్యాచ్‌లు ఒకసారి చూడాలి. చంపినా చచ్చినా ముఖంలో పెద్ద మార్పుండదు, గొంతు లేవదు. ఆ నెమ్మది తర్వాత స్ట్రీమింగ్‌లోనూ అతడికి ఆస్తి అయింది.

క్లౌడ్9తో అతడి ప్రయాణం ఎగుడుదిగుడుగా సాగింది. 2015 వేసవిలో జట్టు ఫైనల్స్‌ దాకా వెళ్లి రెండో స్థానాలతో సరిపెట్టుకుంది. 2016 అక్టోబరులో మాత్రం బ్రెజిల్‌లోని సావోపాలోలో జరిగిన ఈఎస్ఎల్ ప్రో లీగ్ నాలుగో సీజన్ ఫైనల్లో ఎస్కే గేమింగ్‌ను ఓడించింది. ఎస్కే ఆటగాళ్లు బ్రెజిల్‌వాళ్లే. స్టేడియం మొత్తం వాళ్ల వైపే. పెద్ద టోర్నీలన్నీ యూరప్, బ్రెజిల్ జట్లే పట్టుకుపోతున్న కాలంలో ఉత్తర అమెరికా జట్టుకు ఇది చిన్న గెలుపు కాదు. ఆటగాడిగా శ్రౌడ్ సాధించిన అతిపెద్ద విజయం కూడా ఇదే.

బెంచి మీది నెలలు

2017 ఆగస్టులో శ్రౌడ్, అతడి సహచరుడు నథింగ్ ప్రధాన జట్టులోంచి తప్పుకున్నారు. వాళ్ల స్థానాల్లోకి తారిక్, రష్ వచ్చారు. శ్రౌడ్ జట్టుతో తెగతెంపులు చేసుకోకుండా సబ్‌స్టిట్యూట్‌గా కొనసాగాడు. తారిక్, రష్ చేరిన ఆ కొత్త ఐదుగురే 2018 జనవరి 28న బోస్టన్‌లో జరిగిన, సీఎస్:గోలో అతిపెద్ద టోర్నీ అయిన ఈలీగ్ మేజర్ ఫైనల్లో ఫేజ్ క్లాన్‌ను 2-1తో ఓడించారు. నిర్ణయాత్మకమైన మూడో మ్యాప్ ఓవర్‌టైమ్‌కు వెళ్లి 22-19తో ముగిసింది. మేజర్ గెలిచిన మొదటి ఉత్తర అమెరికా జట్టు అదే. మొదటి బహుమతి 5 లక్షల డాలర్లు.

తాను ఏళ్ల తరబడి ఆడిన జట్టు, తాను లేచిన కుర్చీలో వేరొకరు కూర్చోగానే ఆటలోకెల్లా గొప్ప కప్పు ఎత్తితే, ఎవరికైనా మళ్లీ మైదానంలోకి దిగాలనే అనిపిస్తుంది. శ్రౌడ్ తన దారి మార్చుకోలేదు. మూడు నెలలు తిరక్కముందే, ఏప్రిల్‌లో, క్లౌడ్9ను పూర్తిగా విడిచిపెట్టాడు. అతడి కథలో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే ఘట్టం ఇదే. ఇది ఓడినవాడు తీసుకున్న నిర్ణయం కాదు, జట్టు మీద అలిగి తీసుకున్నదీ కాదు. తనకు ఏ పని కావాలో ఆ ఎనిమిది నెలల్లో తేల్చుకున్నాడు.

పోటీ ఆట, స్ట్రీమింగ్ రెండూ ఒకే రోజులో ఇమిడేవి కావు. ప్రొఫెషనల్ జట్టులో ఉంటే రోజంతా స్క్రిమ్స్ అనే ప్రాక్టీస్ మ్యాచ్‌లు, పాత ఆటల వీడియోలు చూడటం, ఎత్తుగడల చర్చలు, మధ్యలో ఖండాంతర ప్రయాణాలు. స్క్రిమ్స్‌ను లైవ్‌లో చూపిస్తే జట్టు వ్యూహాలన్నీ ప్రత్యర్థుల చేతికి చిక్కినట్టే. స్ట్రీమర్‌కేమో రోజూ ఒకే వేళకు తెర మీద కనబడటమే ప్రాణం. టోర్నీ పేరుతో రెండు వారాలు మాయమైతే ప్రేక్షకులు వేరే చానల్‌కు అలవాటుపడిపోతారు.

పబ్జీ

జట్టులోంచి తప్పుకున్న ఆ 2017లోనే అతడికి కొత్త ఆట దొరికింది. 2017 మార్చిలో కంప్యూటర్లలోకి వచ్చిన పబ్జీలో వందమంది ఒక దీవి మీద దిగి, చివరికి ఒక్కరు లేదా ఒక్క జట్టు మిగిలేదాకా పోరాడతారు. మన దగ్గర కుర్రకారును ఊపేసి, 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నిషేధించినది దీని మొబైల్ రూపం. శ్రౌడ్ పేరు మోగింది కంప్యూటర్ ఆటలో.

స్ట్రీమింగ్‌కు ఈ ఆట అతికినట్టు సరిపోయింది. సీఎస్:గో మ్యాచ్‌లో ప్రతి క్షణం సహచరుల మాట వినాలి, తాను చూసింది వాళ్లకు చెప్పాలి. చాట్ చదవడానికి దొరికేది తాను చనిపోయి, ఆ రౌండ్ ముగిసేవరకు ఎదురుచూసే కాస్త సమయమే. పబ్జీలో అయితే ఇళ్లలో దూరి తుపాకులు, మందులు ఏరుకుంటూ, జీపులో పొలాలు దాటుతూ నిమిషాలు నిమిషాలు గడుస్తాయి. ఆ విరామంలో చాట్‌లో వచ్చిన ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవచ్చు. ఇంతలో ఎక్కడో దూరాన ఒక తల కదిలిందా, మాట సగంలో ఆగుతుంది, నాలుగు తూటాలు పేలతాయి, ఆగిన మాట ఆగినచోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. వేలమంది చూసింది ఆ మాటల కోసమూ, ఆ నాలుగు తూటాల కోసమూ. కబుర్లు చెప్పే స్ట్రీమర్లకు కొదవ లేదు. చెబుతూనే అలా కాల్చగలవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఎక్కువమంది పోటీల్లో రాటుదేలి వచ్చినవాళ్లు.

సంపాదన దారులు

జట్టులో ఆటగాడికి జీతం, గెలిస్తే బహుమతిలో వాటా ఉంటాయి. స్ట్రీమింగ్ వేదిక ట్విచ్‌లో రాబడి లెక్క వేరు. అప్పట్లో నెల చందా 4.99 డాలర్లు, అందులో మామూలు స్ట్రీమర్‌కు సగం, పేరున్నవారికి అంతకంటే ఎక్కువ వాటా దక్కేది. దీనికి ప్రకటనలు, ప్రేక్షకులు ఇచ్చే విరాళాలు, స్పాన్సర్లు తోడు. లాజిటెక్ 2021లో శ్రౌడ్ పేరుతో జీ303 మౌస్‌ను విడుదల చేసింది. గురికి పేరుపడ్డవాడి పేరు మౌస్ మీద ఉంటే కొనేవాళ్లకు వేరే హామీ అక్కర్లేదు.

మిక్సర్‌కు వెళ్లి రావడం

2019లో మైక్రోసాఫ్ట్ తన స్ట్రీమింగ్ వేదిక మిక్సర్‌కు పెద్ద పేర్లను రప్పించుకోవడం మొదలుపెట్టింది. ఆగస్టులో ఫోర్ట్‌నైట్ ఆటతో పేరు తెచ్చుకున్న స్ట్రీమర్ నింజా వెళ్లాడు. అతడూ ఒకప్పుడు హేలో అనే ఆట పోటీల్లో ఆడినవాడే. అక్టోబరులో శ్రౌడ్ అదే బాట పట్టాడు. ఆ డిసెంబరులో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ కంటెంట్ క్రియేటర్‌గా గౌరవం అందుకున్నాడు. కానీ స్ట్రీమర్ వెళ్లినంత మాత్రాన ప్రేక్షకుల అలవాట్లు వెంట రాలేదు. 2020 జూన్‌లో మిక్సర్‌ను మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, నెల తిరిగేసరికి మూసేసింది. ఎంత పేరున్న స్ట్రీమరైనా చివరికి ఇంకొకరి స్థలంలో దుకాణం నడుపుతున్నవాడే అని ఆ వేసవిలో చాలామందికి తెలిసొచ్చింది. 2020 ఆగస్టు 12న శ్రౌడ్ ట్విచ్‌కు తిరిగొచ్చిన రోజు ఒకే సమయంలో 5 లక్షలకు పైగా ప్రేక్షకులు అతడి స్ట్రీమ్ చూశారు.

మళ్లీ బరిలోకి

2022 జులైలో వాలరెంట్ అనే షూటింగ్ ఆట ఆడే జట్టు సెంటినల్స్ అతణ్ణి చేర్చుకుంది. ఆ ఏటి ప్రపంచ టోర్నీ చాంపియన్స్‌కు చేరడానికి ఆఖరి అవకాశమైన ప్రాంతీయ క్వాలిఫయర్‌లో అతడు ఆడాడు. నాలుగేళ్ల తర్వాత పోటీకి దిగడంతో ప్రాక్టీస్ మొదలైనప్పటి నుంచే అందరి కళ్లూ అతడి మీదే. జట్టు అర్హత సాధించలేకపోయింది. దాన్ని వైఫల్యంగా కొట్టిపారేయడం తొందరపాటు. ఒంటరిగా ఎదురుపడ్డవాణ్ణి పడగొట్టే నేర్పు ఏళ్లు గడిచినా నిలుస్తుంది. నలుగురి అడుగులతో అడుగు కలిపే నేర్పుకు రోజువారీ సాధన కావాలి. ఎంతటివాడికైనా అది కొన్ని వారాల్లో తిరిగి రాదు.

తర్వాత అతడు మౌంటెన్‌టాప్ స్టూడియోస్‌తో కలిసి స్పెక్టర్ డివైడ్ అనే షూటింగ్ ఆట రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ముగ్గురేసి ఆడే ఈ ఆటలో ఒక్కొక్కరూ రెండేసి శరీరాలను నడుపుతారు. 2024 సెప్టెంబరులో విడుదలైంది. ఆలోచన కొత్తదే అయినా నిలదొక్కుకోవడానికి చాలినంతమంది ఆటగాళ్లు రాలేదు. 2025 మార్చిలో స్టూడియో మూతపడుతున్నట్టు ప్రకటించింది.

శ్రౌడ్ తప్పుకున్నప్పుడు క్లౌడ్9లోకి కొత్తగా వచ్చి బోస్టన్ మేజర్ గెలిచిన తారిక్ కూడా ఆ తర్వాత శ్రౌడ్ లాగే పోటీలు మాని స్ట్రీమింగ్‌కే వచ్చాడు. వాలరెంట్ టోర్నీలను తన చానల్‌లో వ్యాఖ్యానంతో చూపించే స్ట్రీమర్లలో ఇప్పుడు అతడిది ముందువరుస.