జెంటూ అంటే ఎవరు?



కోయంబత్తూరు, మదురై వైపు చుట్టాలున్నవారు మీలో చాలామందే ఉంటారు. అక్కడి పాత తెలుగు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ ఇళ్ళవారికి పరాయివాళ్ళు పెట్టిన పేర్లు రెండున్నాయి.

ఒకటి వడుగర్. తమిళంలో వడక్కు అంటే ఉత్తరం, కనుక వడుగర్ అంటే ఉత్తరాదివారు. మదురైలో నాయక రాజుల కాలానికి ఎంతో ముందే, సంగకాలపు కురుంతొగైలో ఈ మాట ఉంది. 1544లో ముత్యాల తీరం మీద పడిన దండును గురించి రాస్తూ ఫ్రాన్సిస్ జేవియర్ దీన్నే బడగలన్నాడు.

రెండోది సముద్రం మీదుగా వచ్చింది. మద్రాసు ఇంగ్లీషువారు తమిళులను మలబారులన్నారు, తెలుగువారిని జెంటూలన్నారు. జెంటూ భాష, జెంటూ జనం అని విశేషణంగానూ వాడారు. బెంగాలులో మాత్రం దాని అర్థం వేరు. 1776లో హాల్‌హెడ్ అచ్చువేయించిన జెంటూ చట్టాలు హిందువుల ధర్మశాస్త్రమే.

ఇంగ్లీషువారికి ఈ మాట పోర్చుగీసువారి నుంచి దొరికింది. వాళ్ళు ముస్లిములను మౌరులనీ, హిందువులను జెంతియులనీ పిలిచేవారు. దాని మూలం లాటిన్. అందులో గెన్స్ అంటే వంశం, గెంటిలిస్ అంటే ఆ వంశంవాడు. చూశారా, మొదట మనవాడు అనే అర్థమే! గెన్స్‌కు జాతి అనే అర్థం కూడా ఉంది. క్రైస్తవుల లాటిన్‌లో తక్కిన జాతులవారు అని వాడేసరికి గెంటిలిస్ కాస్తా అన్యమతస్థుడైపోయాడు. ఫ్రెంచి దారిన వెళ్ళిన అదే మాట మంచి వంశంవాడనే అర్థంతో ఇంగ్లీషులో జెంటిల్‌మన్ అయింది. దొర జెంటిల్‌మన్, మనం జెంటూ, ఇద్దరిదీ ఒకే మాట! ఇంకా వెనక్కి పోతే మన జనం అన్న మాటా ఆ ధాతువుదే.

1816లో క్యాంబెల్ తన తెలుగు వ్యాకరణం పేరులోనే, సామాన్యంగా జెంటూ అనబడే భాష అని రాయవలసి వచ్చింది. తెలుగు ద్రావిడ కుటుంబానిదని ఎల్లిస్ చూపిన వ్యాసం ఆ పుస్తకంలోదే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు పేరులో జెంటూ లేదు, తెలుగే ఉంది.

జెంటూ పోయింది, వడుగ నిలిచింది. ఒకప్పటి మదురై జిల్లాలో, పెరియకుళం దగ్గర వడుగపట్టి అనే ఊరు ఈనాటికీ ఉంది. అయితే 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు చదువు మరింత కష్టమైంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరం రానివారు అక్కడ ఎందరో. ఈసారి చుట్టాలింటికి వెళ్ళేటప్పుడు పిల్లలకోసం ఒక తెలుగు పెద్దబాలశిక్ష పట్టుకెళ్ళండి.