వచ్చే నీళ్ళకు మాన్యం, పోయే నీళ్ళకు రసీదు

ఈ మధ్య ఊరికి పోయినప్పుడు మా చిన్నాయన కొత్తింటి పునాదుల మీద కూర్చుని ఒక ప్రశ్న వేశాడు.

"ఏమప్పా, పట్నంలో మీ ఇంటి మోరీ కనెక్షనుకు దుడ్డు కట్టినావంట గదా. వచ్చే నీళ్ళకంటే సరే, పారబోసే నీళ్ళకు గూడా దుడ్డేనా?"

కట్టింది నిజమే. దరఖాస్తు, ఇంటి ప్లాను, పన్ను రసీదు, డిపాజిట్, కనెక్షన్ ఛార్జీలు... అన్నీ అయ్యాక తెలిసిందేమంటే, పైపు కలపడానికి అనుమతి ఒక ఆఫీసుదీ, ఆ పైపు కోసం రోడ్డు తవ్వడానికి అనుమతి ఇంకో ఆఫీసుదీ. ముందు అక్కణ్ణించి తెమ్మని ఇక్కడా, ఇక్కణ్ణించి తెమ్మని అక్కడా. ప్రోగ్రాములు రాసేవాళ్ళకి దీని పేరు బాగా తెలుసు, డెడ్‌లాక్ :). అప్పుడు నేనూ తిట్టుకున్నాను. కానీ చిన్నాయన ప్రశ్నకి జవాబు చెప్పబోతే నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగింది బుక్కరాయసముద్రంలో కూర్చుని. నీళ్ళ కోసం ఎవరేం చెల్లించాలి అన్న లెక్క మా ఊరి పేరులోనే ఉంది.

మా చెరువు బుక్కరాయల కాలం నాటిది. ఆయన దివాను చిక్కప్ప ఒడెయరు 1364 ప్రాంతంలో పండమేరు వాగుకి అడ్డంగా కట్టించాడని చెబుతారు. అలా వెలిసిన ఊళ్ళే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట దాన్ని "సముద్రం" అన్నారంటే, నీళ్ళంటే ఎంత ఆశో చూడండి.

ఆ కాలం వాళ్ళు ఏదో అంచనాగా గుంత తవ్వి వదిలేయలేదు. కడప జిల్లాలో బద్వేలు దగ్గర పోరుమామిళ్ళ చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. అక్కడి 1369 నాటి సంస్కృత శాసనం చదివితే మా ఆఫీసులో రాసే స్పెసిఫికేషన్ డాక్యుమెంటే గుర్తొస్తుంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా రాశారు. ఆ దోషాలు ఇవీ: గట్టు కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువవడం. మూడో దోషం చదివినప్పుడు నాకు నా రెండు ఆఫీసులూ గుర్తొచ్చాయి. ఇద్దరి హద్దు మీద కట్టిన పని ఎవరిదీ కాదని 650 ఏళ్ళ క్రితమే తెలుసన్నమాట!

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. దానికీ ఏర్పాటుంది. చెరువు కట్టించి బాగోగులు చూసేవాళ్ళకి దశబంధం పేరుతో మాన్యం ఇచ్చేవాళ్ళు. తూము తెరిచి ఎవరి మడికి ఎంతో పంచే నీరుగంటికి కళ్ళంలోనే గింజల వాటా. పూడిక తియ్యడానికి, గట్టు పూడ్చడానికి ఊళ్ళోవాళ్ళ చాకిరీ, అదే కుడిమరామత్తు. దీన్ని బంగారు కాలం అనుకోనక్కర్లేదు. మడి ఉన్నవాడికి నీళ్ళు, లేనివాడికి చాకిరీ అన్నట్టు నడిచిన ఊళ్ళు ఎన్నో. అయినా ఒక్కటి మాత్రం నిజం, వచ్చే నీళ్ళకి ఖర్చుందని అందరూ ఒప్పుకున్నారు. ఆ ఖర్చు ఎంతవరకూ పోయిందో మా ఊరి ముసలమ్మ కథ చెబుతుంది. చెరువు తెగబోతుంటే ఊరి కోసం గండిలో ప్రాణం అర్పించిన కోడలు ఆమె. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో "ముసలమ్మ మరణం" కావ్యం రాసింది ఈమె మీదే.

మరి పోయే నీళ్ళు? వాటికి మాన్యం లేదు, నీరుగంటి లేడు, కథా లేదు. నీళ్ళు తక్కువ కాబట్టి అవసరం రాలేదు. పెరట్లో అరటిచెట్టు మొదట్లో పారబోస్తే అయిపోయేది. దొడ్డికి బయలుకి పోవడమే. టౌన్లలో పాయిఖానాలు వచ్చాక వాటిని ఎత్తిపోసే పని ఒక కులం వాళ్ళ నెత్తిన పెట్టి, అటువైపు చూడటం మానేశారు. అంటే ఖర్చు లేక కాదు, అది మన లెక్కలో రాయలేదు, అంతే.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. లండన్లో 1815 దాకా ఇంటి మలాన్ని సీవరులోకి వదలడం నేరం, సీవర్లు వాన నీళ్ళ కోసమే. ఆ ఏడు అనుమతించారు. 1848 కల్లా కొత్త ఇళ్ళకి కనెక్షన్ తప్పనిసరి చేశారు. అంటే ముప్పై మూడేళ్ళలో "కలిపితే నేరం" నుంచి "కలపకపోతే నేరం" దాకా వచ్చారు! కానీ ఆ సీవర్లన్నీ థేమ్స్ నదిలోకే. 1858 ఎండాకాలంలో ఆ కంపు పార్లమెంటు కిటికీల్లోంచి లోపలికొస్తే గానీ, బజల్‌గెట్ అనే ఇంజనీరుకి డబ్బులు మంజూరు కాలేదు. తమాషా ఏంటంటే, అదే 1858లో మద్రాసు రాజధానిలో ఇంకో చట్టం వచ్చింది, చెరువుగట్టు తెగేలా ఉంటే ఊరివాళ్ళు వచ్చి తీరాలని. అక్కడ పోయే నీళ్ళ గొడవ, ఇక్కడ ఇంకా వచ్చే నీళ్ళ గొడవ.

తెలుగు నేల మీద పెద్ద ఉదాహరణ హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచేశాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. భూగర్భ డ్రైనేజీకి కూడా ఆయనే ప్రణాళిక ఇచ్చారు. మంచినీళ్ళనీ మురుగునీళ్ళనీ ఒకే చట్టం కింద ఒకే బోర్డుకి అప్పగించింది మాత్రం 1989లో. 1965 నాటి మన మునిసిపాలిటీల చట్టంలోనూ ఇంటిపన్నులో ఒక భాగం పేరు "నీటి, మురుగు పన్ను". చట్టం రాసినవాళ్ళకి ఆ రెండూ ఒకటేనని తెలుసు. తెలియనిది మనకే.

మా జిల్లాలో 1990లలో సత్యసాయి పథకం ఏడొందలకు పైగా ఊళ్ళకి మంచినీళ్ళు తెచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగిన ఊళ్ళకి అదెంత వరమో మా అవ్వని అడిగితే తెలుస్తుంది. తర్వాత ఇంటింటికీ కుళాయి, ఇంటింటికీ మరుగుదొడ్డి. బిందెలతో వచ్చిన నీళ్ళు పైపుల్లో వచ్చాయి. మరి ఎన్ని వచ్చాయో దాదాపు అన్నీ బయటికి పోవాలి కదా? మా వీధిలో భూగర్భ డ్రైనేజీ లేదు. కనెక్షన్ కావాలన్నా దరఖాస్తు పెట్టుకోవడానికి పైపే లేదు. ఉన్నది సెప్టిక్ ట్యాంకు గుంతా, వీధి కాలవా.

అప్పుడర్థమైంది, నేను పట్నంలో తిట్టుకుంటూ కట్టిన ఆ రసీదే నా దశబంధం అని. పారబోసిన నీళ్ళు కూడా ఊరందరి సంగతేనని ఒప్పుకున్న కాగితం అది. ఫీజు తప్పు కాదు. ఫీజు తీసుకుని గట్టు చూడకపోవడం, అంటే పైపు బాగుచెయ్యకపోవడం, ఆ గుంతలోకి మనిషిని దించడం తప్పు. చేత్తో మలం ఎత్తించే పనిని 1993లోనే చట్టం నిషేధించింది. సరిపోక 2013లో ఇంకో చట్టం తెచ్చారు. అయినా మాన్‌హోళ్ళలో మనుషులు పోతూనే ఉంటే, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అలాంటి చావుకి పరిహారం 30 లక్షలకి పెంచింది. ముసలమ్మకైతే చెరువుకట్ట మీద పూజలున్నాయి. వీళ్ళ పేర్లైనా మనకి తెలియవు.

ఇదంతా చిన్నాయనకి ఇంత పొడుగ్గా చెప్పలేదు. "వచ్చే నీళ్ళకు మన పెద్దోళ్ళు గింజలు కొలిచినారు చిన్నాయనా, పోయే నీళ్ళకు మనం కొలవల్ల" అన్నాను. ఇంకుడు గుంత లేకుండా ట్యాంకు పైపుని నేరుగా వీధి కాలవలోకి వదలొద్దనీ, రెండు మూడేళ్ళకోసారి మిషనుతోనే తీయించాలనీ, బండి వచ్చే దారి వదిలి కట్టమనీ చెప్పాను.

కాసేపు పునాదుల వైపు చూసి, "అట్లయితే ఆ బండెవరిదో, ఒకతూరికి ఎంతడుగుతారో కనుక్కోని చెప్పు. ఇంటి లెక్కలో అది గూడా రాసుకుంటా" అన్నాడు.